చర్మం అడిగేది తక్కువే

(మహిళా దినోత్సవం సందర్భంగా ప్రాంతీయ కార్యాలయంలో చేసిన ప్రసంగం)



‘సహజ పద్ధతుల్లో చర్మ సంరక్షణ’ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్‌ని కాను, బ్యూటీషియన్‌ని అసలే కాను. ఇరవై రెండేళ్లుగా క్యాష్ కౌంటర్లోనూ, లోన్ల సీట్లోనూ కూర్చున్న మనిషిని. అయినా ఈ విషయం నాకే ఎందుకిచ్చారో మా పాత బ్రాంచి వాళ్లకు తెలుసు. అప్పట్లో నా ముఖం ఎలా ఉండేదో వాళ్లు చూశారు.

2013లో నన్ను గుంటూరు జిల్లాలో ఒక పల్లె బ్రాంచికి వేశారు. మిర్చి రైతుల పంట రుణాలు చూడాలి. పొలాల తనిఖీకి, రికవరీకి స్కూటీ మీద మిట్టమధ్యాహ్నం తిరిగేదాన్ని. రెండేళ్లకు బుగ్గల మీద మంగు వచ్చింది. ఏ పెళ్లికి వెళ్లినా “ఏంటే ఇలా నల్లబడిపోయావు?” అనే పలకరింపే. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. డాక్టర్ చీటీ వాళ్లు అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

పది రోజుల్లో ముఖం మెరిసింది. ఏం వాడుతున్నావని అందరూ అడిగారు. గొప్పగా పేరు చెప్పాను. ఎనిమిది నెలలు వాడాక అసలు సంగతి మొదలైంది. రెండు రోజులు రాయకపోతే ముఖం ఎర్రబడి మండేది. గెడ్డం మీద మొటిమలు, బుగ్గల మీద నూగు వెంట్రుకలు. చర్మం ఎంత పలచబడిందంటే లోపలి సన్నని రక్తనాళాలు కనిపించేవి. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేదాన్ని. చివరికి చర్మ వైద్యుడి దగ్గరికి వెళితే, ఆయన ముఖం కంటే ముందు ట్యూబు చూపించమన్నారు. అందులో ఉన్నది స్టెరాయిడ్. దానికి తోడు రంగు తగ్గించే మందు ఒకటి. తేరుకోవడానికి ఏడాది పైనే పట్టింది.

నా ముఖం సంగతి సరే. మా బ్రాంచికి డ్వాక్రా సంఘం పుస్తకాలు తెచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. నేను చెప్పిన పేరు పట్టుకుని అదే ట్యూబు కొనుక్కుని, నడుము దగ్గర తామరకు కూడా రాసుకుంది. స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గుతుంది, తగ్గిందనుకుంటాం. లోపల తామర మాత్రం హాయిగా పాకుతుంది. ఆమెకు వీపంతా పాకింది. ఇంట్లో చిన్నపిల్లలకూ అంటుకుంది. నేను వెళ్లి విషయం చెబితే, “మీరు చెప్పారనే కదా మేడమ్ వాడాను” అంది. కోపంగా కూడా అనలేదు. ఆ తర్వాత వైద్యం ఖర్చు నేనే పెట్టుకున్నాను కానీ, ఆ మాట మాత్రం తీరలేదు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని నోటిఫికేషన్ ఇచ్చింది. అయినా చేతులు మారుతూనే ఉన్నాయి. లోన్ డాక్యుమెంటు చదివినట్టే ట్యూబు మీద కూర్పు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అన్న పేర్లు కనబడితే అది ఫేస్ క్రీము కాదు, మందు. సోరియాసిస్, ఎగ్జిమా లాంటి జబ్బులకు డాక్టర్ రాస్తే మంచి మందే, అనుమానం లేదు. ఇప్పటికే నెలల తరబడి ముఖానికి వాడుతున్నవాళ్లు నా మాట విని ఇవాళే ఆపేయొద్దు. మంట తిరగబడుతుంది. డాక్టర్ చూస్తుండగా తగ్గించుకోవాలి.

ఇక సహజ పద్ధతులు. దెబ్బ తిన్నాక నేను మా అమ్మమ్మ దారికి వెళ్లాను. ఆదివారం నూనె రాసుకుని, సున్నిపిండితో నలుగు. పెసరపిండి, శెనగపిండి జిడ్డును లాగేస్తాయి, ముందు రాసిన నూనె చర్మాన్ని ఎండిపోనివ్వదు. పిండి మెత్తగా జల్లించి ఉండాలి, గట్టిగా రుద్దకూడదు. అయితే సహజమైనదంతా మంచిదనుకుంటే మళ్లీ మోసపోతాం. కొందరు సున్నిపిండిలో బావంచాలు వేస్తారు. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లికి వాటిని మందుగా వాడేది అందుకే. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలి నల్లబడుతుంది. నిమ్మకాయలోనూ ఆ కోవ పదార్థాలే ఉంటాయి. ముఖానికి నిమ్మచెక్క రుద్దుకుని బస్టాపులో నిలబడితే ఏమవుతుందో ఊహించుకోండి. నిమ్మకాయను పప్పులో పిండుకుందాం.

కొబ్బరినూనె స్నానం అయిన వెంటనే, ఒళ్లు తడిగా ఉండగానే చేతులకు, కాళ్లకు పలచగా రాస్తే ఏసీ గదిలోనూ పగుళ్లు రావు. మొటిమలున్న ముఖానికి వద్దు, రంధ్రాలు మూసుకుంటాయి. క్యాష్‌లో కూర్చునేవాళ్లు నోట్లు లెక్కపెట్టాక, శానిటైజర్ రాసుకున్నాక కూడా చేతులకు ఇదే పని చేయాలి. నుదుట స్టిక్కర్ పెట్టుకునే చోట తెల్లమచ్చ కనబడితే అది స్టిక్కర్ జిగురు వల్ల కావచ్చు. వెంటనే మానేసి కుంకుమకు మారండి, మచ్చ డాక్టర్‌కు చూపించండి.

ఎండకు నాకు తెలిసినంతలో చున్నీ, పొడుగు చేతుల కోటు, టోపీ తర్వాతే సన్‌స్క్రీన్. కారు అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నా మంగు పెంచే కిరణాలు కొంతవరకు లోపలికి వస్తాయి. కాబట్టి డ్రైవింగ్ సీటు పక్క కిటికీ వైపు బుగ్గను మరిచిపోవద్దు. 

తిండికీ చర్మానికీ సంబంధం ఉందా అని అనుమానపడేవాళ్లకు మన హైదరాబాద్ కథే చెబుతాను. ఒకప్పుడు జొన్నన్నం, జొన్నరొట్టె తప్ప వేరే తిండికి నోచుకోని తెలంగాణ కూలీల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పొలుసులు లేచేది. జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి.గోపాలన్ బృందం దాని మీద పరిశోధన చేసింది. కొరత నియాసిన్ అనే బి విటమిన్‌ది. పూత మందులతో పోయేది కాదు, పళ్లెంలో పప్పు, పాలు, మాంసం చేరితేనే పోయేది. ఇందులో జొన్నల తప్పేం లేదు. వాటితో పాటు తినడానికి మరోటి లేకపోవడమే అసలు తప్పు.

ఇప్పుడు మన మెడల మీద వేరే హారం కనబడుతోంది. మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డలా నల్లగా, మందంగా తయారవుతుంది. మురికి అనుకుని పీచుతో తోముతాం. మా ఇంట్లో మా అబ్బాయిని నేనూ అలాగే తోమాను పాపం. అది మురికి కాదు, చాలామందిలో ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదనడానికి గుర్తు. అలా కనబడితే క్రీము కొనకుండా షుగర్ పరీక్ష చేయించండి. బరువు తగ్గితే ఆ నలుపూ తగ్గుతుంది. మా వాడికి తగ్గింది.

మన బ్రాంచిలో రోజుకు ఆరు టీలు మామూలు. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే పన్నెండు చెంచాలు, యాభై గ్రాముల దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన సగటు మనిషికి రోజు మొత్తం మీద అదే పై హద్దు, సగానికి తగ్గిస్తే ఇంకా మంచిది. ఇక పదవీ విరమణ లడ్డూలు, పుట్టినరోజు కేకులు వేరే ఖాతా. తీపి ఎక్కువైతే మొటిమలూ పెరుగుతాయి. మిగతాది మీకు తెలిసిందే. తోటకూర, మునగాకు, ఉసిరి, గుప్పెడు పల్లీలు, నువ్వులు. ఖరీదైన పళ్లేమీ అక్కర్లేదు, జామకాయ చాలు.

మంగు ఇప్పటికీ నా బుగ్గల మీద కొంచెం ఉంది. దగ్గరికొస్తే కనబడుతుంది. పెళ్లిళ్లలో ఇప్పటికీ అడుగుతారు, “ఎండలో తిరిగి లోన్లిచ్చాను” అని చెబుతున్నాను.

భోజనాల దగ్గర కలుద్దాం. మీ హ్యాండ్‌బ్యాగుల్లో ఏ ట్యూబు ఉన్నా తెచ్చి చూపించండి. కూర్పు అక్షరాలు మరీ చిన్నవి, అందుకే కళ్లద్దాలు తెచ్చుకున్నాను.