పాతబస్తీని ఏ ప్రశ్న అడగాలి?



బజారులో అమ్మకానికి లేనిదానికి విలువ కట్టే పద్ధతి మన ఆర్థికశాస్త్రంలో ఒకటుంది. ఇల్లిల్లూ తిరిగి ‘మీ నాలాలో ప్లాస్టిక్ లేకుండా చేస్తే నెలకు ఎంత ఇస్తారు?’ అని అడుగుతాం. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి చమురు ఒలికినప్పుడు ఇలా జనాన్ని అడిగే నష్టాన్ని 280 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు. ఆ లెక్క మీద పెద్ద వాదమే నడిచింది. ఆర్థికవేత్తలు కెన్నెత్ ఆరో, రాబర్ట్ సోలో నాయకత్వంలోని సంఘం 1993లో కొన్ని నియమాలు సూచించింది. జవాబు చెప్పేవారికి వాళ్ల రాబడి ఎంతో గుర్తుచేయాలి. ‘ఎంత పరిహారం కావాలి’ అనొద్దు, ‘ఎంత ఇస్తారు’ అనే అడగాలి. అంకె ఉబ్బిపోకుండా ఆ జాగ్రత్త.

హైదరాబాద్ పాతబస్తీలో ఆ జాగ్రత్తే అన్యాయమవుతుందని నా అభిప్రాయం. 2020 అక్టోబరు వానలకు పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి అల్ జుబైల్ కాలనీ, హాఫిజ్ బాబానగర్ మునిగాయి. అదంతా ప్లాస్టిక్ వల్లేనని నేననను. చెరువుల శిఖం భూముల ఆక్రమణ, నాలాలు కుంచించుకుపోవడం పెద్ద కారణాలు. అయితే మిగిలిన ఆ ఇరుకు దారికి అడ్డంపడేవి కవర్లు, కప్పులు, గుట్కా పొట్లాలు. సీసాలనైతే కబాడీవాళ్లు ఏరుకుపోతారు. పల్చటి కవరుకు కబాడీలో ధర పలకదు, అందుకే అది నాలాలోనే ఉండిపోతుంది.

నాలా పక్కన ఇల్లున్నవాళ్లు తడిసిన బియ్యంతో, పాడైన కుట్టుమిషనుతో, పోయిన కూలితో ఆ కవరు ఖరీదు ఎప్పుడో కట్టేశారు. మళ్లీ వాళ్లనే ఎంత ఇస్తారని అడిగితే, చెప్పే పది రూపాయలు వాళ్ల జేబును కొలుస్తాయి గానీ బాధను కొలవవు.

కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. మన అరుగు మీద ఎవరో మూటలు దింపితే, తీయించడానికి నువ్వెంత ఇస్తావని మనల్ని అడుగుతారా? హక్కు బస్తీవాసిదైనప్పుడు ‘ఈ మురికిని భరించడానికి మీకెంత ఇవ్వాలి?’ అన్నదే న్యాయమైన ప్రశ్న. ఇవ్వవలసిందెవరో చట్టంలోనే ఉంది. 2022 ఫిబ్రవరి నిబంధనలు ప్యాకింగు ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకునే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టాయి. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల లోపు క్యారీబ్యాగులు నిషిద్ధం. అయినా పాతబస్తీలోని పత్తర్‌గట్టి వైపు వెళితే పల్చటి కవరు ఇంకా చేతికొస్తూనే ఉంది. ఐర్లండులో 2002లో ప్లాస్టిక్ సంచికి 15 సెంట్ల రుసుము పెట్టగానే వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. అక్కడ డబ్బు కట్టింది సంచి పట్టుకెళ్లినవాడు, మునిగినవాడు కాదు.

పరిహారం అడిగితే జనం ఎక్కువ చెబుతారని ఆక్షేపణ ఉంది. చెప్పనివ్వండి. ‘ఎంత ఇస్తారు’, ‘ఎంత ఇవ్వాలి’ అన్న రెండు ప్రశ్నలకు వచ్చే అంకెల మధ్య తేడా ఎంతో, ఎవరి దగ్గర ఎక్కువో తేల్చడమే మన పని.

యువ పరిశోధకులారా, మీ ప్రశ్నపత్రంలో రెండు ప్రశ్నలూ పెట్టండి. ఉర్దూలోనూ తెలుగులోనూ అడగండి. నీళ్లు ఎత్తిపోసేది ఆడవాళ్లు కాబట్టి వాళ్ల జవాబు విడిగా రాసుకోండి. వచ్చే వానాకాలం లోపే ఆ బస్తీలకు వెళ్లండి.