గ్రహణంతో ఉదయించే చంద్రుణ్ణి అనంతగిరి నుంచి చూద్దాం



మన పండుగల గురించి, భాషల గురించి చాలామంది మాట్లాడారు. నేను మన కొండ మీది ఆకాశం గురించి నాలుగు మాటలు చెబుతాను.

పున్నమినాడు పడమట పొద్దు గుంకుతుంటే తూర్పున చంద్రుడు లేస్తాడు. ఆ రోజు సూర్యుడికీ చంద్రుడికీ నడుమ భూమి ఉంటుంది. మూడూ ఒకే గీత మీదికి వస్తే భూమి నీడ చంద్రుడి మీద పడుతుంది. అదే చంద్రగ్రహణం. ఈ సంగతి ఆర్యభటుడు 499లోనే రాశాడు. గ్రహణం పట్టి ఉండగానే మన దగ్గర సాయంత్రమైతే, చంద్రుడు నీడతోనే ఉదయిస్తాడు.

ఈమధ్య ఇలా మూడుసార్లు జరిగింది. 2018 జనవరి 31న సంపూర్ణ గ్రహణం సాయంత్రం 6.21 నుంచి 7.37 వరకు ఉంది. అప్పటికే చంద్రుడు లేచాడు. 2022 నవంబరు 8న సంపూర్ణ దశ చంద్రోదయానికి ముందే ముగిసింది. 6.19 దాకా పాక్షికం మాత్రం మిగిలింది. 2026 మార్చి 3న చంద్రుడు 6 గంటల ప్రాంతంలో లేస్తే, నీడ 6.47కి వదిలింది. అంటే చూడటానికి ఉన్నది ముప్పావుగంట లోపే.

అందుకే ఎక్కడ నిలబడ్డామన్నది ముఖ్యం. చెయ్యి చాచి పిడికిలి బిగించండి. ఆ పిడికిలి ఎత్తు ఆకాశంలో సుమారు 10 డిగ్రీలు. చంద్రుడు ఒక్క డిగ్రీ పైకెక్కడానికి 4 నిమిషాలు పడుతుంది. అరకు లోయలో తూర్పున అర పిడికిలి ఎత్తు కొండ అడ్డుంటే 20 నిమిషాలు పోయినట్టే. నిండు పిడికిలి ఎత్తుంటే మార్చి 3 లాంటి గ్రహణం దాదాపు మొత్తం కొండ వెనకే అయిపోతుంది.

అనంతగిరి తూర్పు అంచు అలా కాదు. అక్కడి నుంచి శృంగవరపుకోట మైదానం కిందికి దిగిపోతుంది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, అడ్డు లేనిచోట నిలబడితే దిగంతం మన కంటికి ఒక డిగ్రీ దాకా కిందికి జరుగుతుంది. కింద ఉన్నవాళ్ల కంటే మూడు నాలుగు నిమిషాలు ముందే మనకు చంద్రుడు కనబడగలడు. ఈ చోటు మనకు ఇచ్చిన వరం ఇది.

కానీ ముందుగా చోటు చూసుకోవాలి. చలికాలపు పున్నమి చంద్రుడు ఈశాన్యం వైపు జరిగి లేస్తాడు, ఎండాకాలంలో ఆగ్నేయం వైపు. మార్చి, సెప్టెంబరుల్లో దాదాపు సూటిగా తూర్పున. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు అడ్డొస్తాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో, రైలు పట్టాల మీద నిలబడొద్దు. ప్రతి పున్నమికీ వెళ్లి సాధన చేయండి. పొద్దు గుంకాక తూర్పున అడుగున నీలి పట్టీ, దాని మీద గులాబీ రంగు పట్టీ కనిపిస్తాయి. ఆ నీలి పట్టీ భూమి నీడే. గ్రహణంనాడు చంద్రుడి మీద పడేది కూడా అదే నీడ.

ఎర్రటి చంద్రుణ్ణి ఫొటోల్లో చూసి అదే వెతక్కండి. సంధ్య వెలుగులో, దుమ్ములో, మంచులో మసకగానే లేస్తాడు. పాక్షికమైతే ఎవరో కొరికినట్టు ఉంటాడు. ఆ కొరికిన అంచు వంపుగా ఉంటుంది, ఎందుకంటే భూమి గుండ్రం. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూడొచ్చు. సూర్యగ్రహణాన్ని మాత్రం అలా చూడకూడదు.

ఇప్పుడు అసలు మాట. తెలుగులో పెదవి చీలికను గ్రహణం మొర్రి అంటారు. ఆ మాటలోనే తల్లి మీద నింద ఉంది. నిజానికి బిడ్డ పెదవి, అంగిలి గర్భం మొదటి రెండు మూడు నెలల్లోనే కుదురుకుంటాయి. చీలికకు వంశం, పోషకాహార లోపం, పొగాకు వంటివి కారణాలు కావచ్చు. నీడ కారణం కాదు. ఆపరేషన్‌తో బాగవుతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లలకు చేసే పరీక్షల్లో ఇదీ ఉంది. ఆశా అక్కను అడగండి.

రక్తం తక్కువున్న గర్భిణిని గ్రహణమని గంటలకొద్దీ పస్తు ఉంచొద్దు. నొప్పులు వస్తే గ్రహణం విడిచేదాకా ఆగొద్దు. డోలీ కట్టి మోయాల్సిన ఊళ్లు మనకింకా ఉన్నాయి, అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. పెద్దలతో గొడవపడి కాదు, వాళ్ల పక్కన కూర్చుని చెప్పండి.

అలాగే పెద్దల దగ్గర అడిగి తెలుసుకోండి. కువిలో, కొండ భాషలో, పొర్జలో, గదబలో, ఆదివాసీ ఒడియాలో గ్రహణాన్ని ఏమంటారు? ఆనాడు ఏం చేసేవారు? వాళ్ల గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేయండి. శాస్త్రం తెలుసుకోవడానికి మన మాట పోగొట్టుకోనక్కర్లేదు.

2028 డిసెంబరు 31 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం మన ఆకాశంలో మొదటి నుంచి చివరి దాకా కనిపిస్తుంది. ఆ రాత్రి ప్రతి ఊళ్లో తాతలు, అవ్వలు, పిల్లలు, కడుపుతో ఉన్న అక్కలు కడుపునిండా తిని, దుప్పట్లు కప్పుకుని, బయటికొచ్చి చూడాలి. ఆ పని మీ చేతుల్లో పెడుతున్నాను.

జై ఆదివాసీ.