తెల్లవారకముందే తలుపు వద్దకు వచ్చిన స్త్రీ

 

 

మదీనాలో ఒకనాడు దైవప్రవక్త (సఅసం) ఫజ్ర్ నమాజు కోసం ఇంటి నుండి బయలుదేరారు. ఇంకా చీకటి వీడలేదు. గుమ్మం వద్ద ఒక స్త్రీ నిలబడి ఉన్నది. ఎవరని విచారించగా తాను హబీబా బిన్తె సహ్‌ల్‌నని చెప్పింది. ఆమె భర్త సాబిత్ బిన్ ఖైస్ (రజి) సామాన్యుడు కాడు. అన్సారుల వక్తగా పేరుపొందిన సహాబీ. ఆయన కొట్టగా ఆమె శరీరంలో ఒక భాగం విరిగిందని అబూదావూద్ గ్రంథంలోని ఉల్లేఖనం తెలుపుతున్నది. దైవప్రవక్త ఆయనను పిలిపించి, మహర్‌గా ఇచ్చినది తిరిగి తీసుకొని ఆమెను విడిచిపెట్టమని ఆదేశించారు. ఆమె మళ్ళీ ఆ ఇంటికి పోలేదు. తన పుట్టింటివారి వద్దనే ఉండిపోయింది.

ఈ హదీసును మేము మదరసాలో ఖులా అధ్యాయంలో చదివాము. మహర్ ఎంత తిరిగి ఇవ్వాలి, ఇద్దత్ ఎంతకాలం అని దినాల తరబడి చర్చించాము. ఆమె అంత చీకటిలో ఎందుకు రావలసి వచ్చిందని మాత్రం ఏనాడూ అడగలేదు.

కొన్నేళ్ల క్రితం మగ్రిబ్ తరువాత ఒక సోదరి మా గది వద్దకు వచ్చింది. దుపట్టా అంచును చెంప మీదికి లాగి పట్టుకొని ఉన్నది. మేము సబ్ర్ గురించి బోధించాము. భర్తను పిలిపించి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, దుఆ చేసి పంపాము. ఇమాం వద్దకు ఎందుకు పోయావంటూ ఆ రాత్రి ఆమెను మరింతగా కొట్టాడని తరువాత తెలిసింది. ఆ పాపంలో మాకూ వాటా ఉన్నది. ఇరుపక్షాల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని నియమించమని సూరా నిసాలో ఆజ్ఞ ఉన్న మాట నిజమే. అది పొరపొచ్చాలు వచ్చినప్పుడు. భర్త ఎదుట నోరు విప్పలేని స్త్రీని అతని పక్కనే కూర్చోబెట్టి రాజీ కుదర్చమని కాదు.

అదే సూరాలోని ముప్పై నాల్గవ ఆయత్‌ను చూపి వాదించేవారు మన సఫ్‌లలోనే ఉన్నారు. ఆ ఆయత్ ఎవరిపై అవతరించిందో ఆ మహనీయుడు తన జీవితంలో ఏ స్త్రీ మీదా, ఏ సేవకుని మీదా చేయి ఎత్తలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు. భర్తల మీద ఫిర్యాదుతో ఎందరో స్త్రీలు తమ ఇంటి చుట్టూ చేరినప్పుడు, అటువంటి భర్తలు మీలో మంచివారు కారని ఆయన బహిరంగంగా ప్రకటించారు. ఇక వాదన దేనికి?

"ఘర్ కీ బాత్ ఘర్ మే రహ్‌నా" అంటారు మన పెద్దలు. హబీబా ఆ మాట విని ఉంటే ఏమయ్యేది?

కనుక ఎక్కడికి పోవాలో తెలుసుకొనండి. ప్రాణభయం ఉంటే 112. సలహాకు, ఆశ్రయానికి 181. ఏ వేళనైనా పలుకుతుంది. మన దోమలగూడ నుండి చిక్కడపల్లి దాటితే బాగ్‌లింగంపల్లి. 1993లో స్త్రీల పత్రికగా మొదలైన భూమిక అక్కడిదే. 2006 నుండి వారు హెల్ప్‌లైన్ నడుపుతున్నారు. వారు ముస్లింలా అని ఒకరు మమ్మల్ని అడిగారు. గాయానికి కట్టుకట్టే చేతిని మనము అలా అడుగుతామా? ఉర్దూలోనే మనసు విప్పగల సోదరీమణులకు పాతబస్తీలో కవయిత్రి జమీలా నిషాత్ స్థాపించిన షాహీన్ ఉన్నది. హైదరాబాద్ పోలీసులు 2016లో ఆరంభించిన భరోసా కేంద్రంలో పోలీసు సహాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద లభిస్తాయి.

గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. అది ఏ ఒక్క మతానికో చెందినది కాదు. భార్యే కాదు, తల్లి, సోదరి కూడా దాని రక్షణ కోరవచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, ఆమెను బలవంతంగా వెళ్ళగొట్టరాదు. రక్షణాధికారి ద్వారా గాని, నేరుగా మేజిస్ట్రేట్‌కు గాని దరఖాస్తు చేయవచ్చు. న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును ఇస్తుంది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా తక్కిన స్త్రీల వలెనే కోర్టులో భరణం కోరవచ్చునని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు మన తెలంగాణ నుండి వెళ్ళినదే.

అయితే బాధితురాలికి ముందుగా కావలసినది ఆటో ఛార్జీ. ఆపైన రెండు రాత్రులు తలదాచుకొనే గది, పిల్లలకు పాలు. ఇందుకోసం బైతుల్‌మాల్ నుండి కొంత సొమ్ము వేరుగా ఉంచాలని కమిటీతో నిర్ణయించాము. లెక్కలో మొత్తమే ఉంటుంది, పేర్లు ఉండవు. వచ్చిన సోదరి మాట ముందుగా వినడానికి ఇద్దరు వృద్ధ సోదరీమణులు ఒప్పుకొన్నారు. ఆమె ఎక్కడ ఉన్నదో భర్తకు గాని, బంధువులకు గాని మేము చెప్పము. వచ్చి అడిగి మమ్మల్ని ఇబ్బంది పెట్టకండి. నికాహ్‌నామా పోయినవారికి మా రిజిస్టరులోని నకలు ఇస్తాము, కారణం అడగము.

ఫజ్ర్ అజాన్‌కు అరగంట ముందే వెనుక వైపు గేటు గడియ తీసి ఉంచమని ముఅజ్జిన్ సాహెబ్‌కు చెప్పాము.