ఆపరేషన్ గది తలుపు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన అనంతపురం గాలి సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆషాఢంలో గాలి లేచిందంటే పొద్దున ఊడ్చిన వసారా మధ్యాహ్నానికి దుమ్ము కొట్టుకుపోతుంది. ఆ దుమ్ముతో కంటికి కనబడని క్రిములూ వస్తాయి. మామూలు ఒంటికి వాటితో అంత భయం లేదు. కోసి తెరిచిన ఒంటికి ఉంది.

అందుకే మంచి ఆపరేషన్ థియేటర్లో గాలిని వడగట్టి పంపుతారు. గంటకు సుమారు 20 సార్లు గదిలో గాలి మారాలి. లోపలి గాలి ఒత్తిడి వరండాలో కంటే కొంచెం ఎక్కువగా ఉంచుతారు. సందులోంచి గాలి బయటికి పోవాలేగాని బయటిది లోపలికి రాకూడదు. తలుపు ఊరికే తీస్తూ మూస్తూ ఉంటే ఈ ఏర్పాటంతా వృథా. మరి తీయించేదెవరు? చాలాసార్లు మనమే! ఒకరికి ఆపరేషన్ అంటే మొహల్లా అంతా ఆస్పత్రిలోనే. "అబ్బాజాన్‌కు ఎట్లుందో ఒక్కసారి చూసిపోతాం సిస్టరమ్మా" అని బతిమాలతాం. ప్రేమతోనే, కాదనను. కాని మనిషి ఒంటినుంచి నిమిషానికి వేలకొద్దీ చర్మపు పొలుసులు రాలుతుంటాయి, కొన్నిటిమీద క్రిములుంటాయి. మసీదు గడప దగ్గర చెప్పులు విడవమని మనకెవరూ చెప్పనక్కరలేదు గదా, థియేటర్ గీత దగ్గర మాత్రం పోట్లాట ఎందుకు?

ఇంకొక మాట. ఆపరేషన్‌కు ముందు సబ్బుతో స్నానం చేయించండి. ఇంట్లో బ్లేడుతో వెంట్రుకలు గీయకండి. ఆ సన్నని గాట్లలోనే క్రిములు చేరతాయి.

2016లో సుప్రీంకోర్టు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపులను మూడేళ్లలోగా మానెయ్యాలని ఆదేశించింది. అయినా 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక్కరోజే 34 మంది స్త్రీలకు ఆ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేల్చారు. అదీ ఆస్పత్రే, షామియానా కాదు సుమా!

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన షాదీఖానాలో ఉచిత ఖత్నా క్యాంపు పెడదామని కొందరు పెద్దలు అంటున్నారు. బీద కుటుంబాలకు మేలే. కాని ముందురోజు వలీమా బిర్యానీ వడ్డించిన హాలు అది. ఫ్యాను వేస్తే పైనున్న బూజంతా కిందికి రాలుతుంది. అక్కడ పేర్లు రాసుకుందాం, పిల్లలను డాక్టరుగారితో పరీక్ష చేయిద్దాం. కోత మాత్రం ఆస్పత్రి థియేటర్లోనే జరగాలి. రోజుకు కొద్దిమందికే చేయాలి, ఒక్కొక్క బిడ్డకు వేరే స్టెరిలైజు చేసిన సామాను వాడాలి. రానుపోను ఆటో ఖర్చు సొసైటీ పెట్టుకుంటే సరి. షామియానా, మైకుసెట్టు బాడుగ ఎటూ మిగులుతుంది.