పాత మోటారు సైకిలు – కార్బొరేటరు శుద్ధి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)

 

గ్రంథాలయమునందు పురాణేతిహాసములతో పాటు చేతిపనుల జ్ఞానమునకును తావు కలదు. మన శామీర్‌పేట రాజీవ్ రహదారిపై నున్న ఊరు. పాలక్యాను గాని కూరగాయల మూట గాని కట్టుకొని అల్వాలు దిక్కునకు సాగువానికి పాత బండియే జీవనాధారము. అది నడిదారిలో నిలిచినచో పాలు విరుగును, ఆనాటి సంపాదన పోవును. ఇంతటి నష్టమునకు కారణము పెక్కుమారులు కార్బొరేటరులో చేరిన ఆవగింజంత మలినమే. మిస్త్రీలు దానినే కచరా యందురు.

1955లో మద్రాసున స్థాపింపబడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి బుల్లెట్టు, 1961 మొదలు మైసూరున తయారైన జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ – ఇవన్నియు కార్బొరేటరుతో నడచిన బండ్లు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధనలు అమలునకు వచ్చుటతో క్రొత్త బండ్లలో ఇంచుమించుగా అంతటను ఇంజెక్షను పద్ధతి ప్రవేశించినది. ఇక కార్బొరేటరు విద్య నేర్చు యువకులు తగ్గుట సహజము. కావున పాత బండి గలవాడు తానే కొంత యెరిగి యుండవలెను.

కార్బొరేటరు పని జమాఖర్చుల వంటిది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకమున సుమారు 15 పాళ్ల గాలి కావలెను. ఇరుకైన గొట్టములో గాలి వేగముగా పోవునపుడు అచ్చట ఒత్తిడి తగ్గును. అందువలన క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్టు అను సన్నని రంధ్రము గుండా పైకెగసి గాలితో కలియును. గిన్నెలో మట్టము మించకుండ తేలుడు బుడ్డి, దాని సూది కాపాడును.

నిదానము తెలియక చికిత్స చేయరాదని వైద్యశాస్త్రము. బండికిని అంతే. రేసు పిడి త్రిప్పుటను ఒక రూపాయిగా లెక్కింపుడు. మొదటి రెండణాల వరకు పైలట్ జెట్టుది అధికారము. అటుపై నాలుగణాల వరకు స్లైడు కోతది. నాలుగు నుండి పన్నెండణాల వరకు స్లైడు సూదిది. ఆపైన మెయిన్ జెట్టుది. నిలుకడలో బండి ఆరిపోయినచో ముందుగా పైలట్ జెట్టును, పూర్తి రేసులో గుంజలేకున్నచో మెయిన్ జెట్టును చూడవలెను. గిన్నె నుండి పెట్రోలు పొర్లుచున్నచో తేలుడు సూది క్రింద మలినము చేరినదేమో, బుడ్డి చిల్లిపడి లోన పెట్రోలు నిండినదేమో పరీక్షింపవలెను. ప్లగ్గుపై పొడి మసి యున్న పెట్రోలు హెచ్చు. తెల్లగా నున్న గాలి హెచ్చు, పిస్టనునకు ముప్పు. లేత కాఫీ రంగున్న మిశ్రమము సరియైనది.

శుద్ధి ఆరుబయట, నిప్పునకు దూరముగా, ఇంజను చల్లారిన తరువాత చేయవలెను. పెట్రోలు కుళాయి మూసి, విప్పిన భాగములను తెల్లని పళ్లెములో వరుసగా పెట్టవలెను. గాలి మరచీలను విప్పుటకు ముందు మెల్లగా లోనికి బిగించి, ఎన్ని చుట్లు పోయెనో కాగితముపై వ్రాసికొనవలెను. రబ్బరు భాగములను తీసివేసిన పిమ్మటనే మందుతో కడుగవలెను. జెట్టులో ఇనుప తీగ దూర్చుట మహాదోషము. పూర్వము ఘటికాయంత్రపు గిన్నె అడుగున సన్నని రంధ్రముండెడిది. అది పెద్దదైనచో ముహూర్తమే తప్పును. ఇత్తడి జెట్టు కూడ అట్టిదే. నానబెట్టి, గాలి ఊది, వెలుతురుకు పట్టి చూడవలెను. రంధ్రము గుండ్రముగా కనబడినచో శుద్ధి యైనట్లు.

శుద్ధి ముగియనిదే ట్యూనింగునకు పూనుకొనరాదు. గాలి వడపోతను శుభ్రపరచి, కార్బొరేటరు అతుకు వద్ద గాలి చొరకుండ చూచి, బండిని కొన్ని కిలోమీటర్లు నడిపి ఇంజనును వేడెక్కనీయవలెను. పిదప గాలి మరచీలను సుమారు ఒకటిన్నర చుట్టు వద్ద నుంచి, ఇంజను మిక్కిలి వేగముగా, నునుపుగా తిరుగు చోటు దొరకువరకు మెల్లగా త్రిప్పి, స్లో మరచీలతో వేగము తగ్గింపవలెను. మిక్‌కార్బ్ వంటి వానిలో గాలి చీల లోనికి పోయిన కొలది పెట్రోలు పాలు హెచ్చును. కొన్ని ఇతర రకములలో దీనికి విపరీతము. స్లైడు సూదిని మార్చవలసినచో ఒక్కసారి ఒక్క గాడి మాత్రమే మార్చవలెను. రెండు మార్పులు ఒకేసారి చేసినవానికి ఏది మేలు చేసెనో తెలియదు.

నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఎథనాలు కలియుచున్నది. అది గాలిలోని తేమను పీల్చును. పాత రబ్బరును చెరుపగలదు. కావున బండిని నెలల తరబడి నిలుపువారు కుళాయి మూసి, గిన్నెలోని పెట్రోలు తీసివేయవలెను. గొట్టములను అప్పుడప్పుడు పరీక్షించి మార్చవలెను.

ఈ రజతోత్సవ సందర్భమున గ్రంథాలయమువారికి ఒక విన్నపము. పాత బండ్ల మరమ్మతు పుస్తకములను సేకరించి, ప్రక్కనే ఒక ఖాతా పుస్తకము నుంచుడు. వృద్ధ మిస్త్రీలు తమ అనుభవమును చెప్పగా చదువుకొన్న పిల్లలు అందులో వ్రాయుదురు గాక. ఏ బండికి ఏ జెట్టు, ఎన్ని చుట్లు, ఏ దోషమునకు ఏ కారణము – ఇవి వారి వ్రేళ్ల కొసలయందున్నవి. వ్రాతకెక్కనిచో వారితోనే పోవును.