పాత కారు దారిలో ఆగినప్పుడు

వేసవి వచ్చినదనగానే పాత కారు గల యింట ఒక బెంగ మొదలగును. ఉదయము చల్లనివేళ తాళము త్రిప్పగానే పలికిన యింజను మధ్యాహ్నము నడిరోడ్డుపై ఆవిరి గ్రక్కును. లేదా ఏ ఆవిరియు లేకుండ ఊరక ఆగిపోవును. ఈ రెండిటిని మనము 'వేడెక్కి ఆగినది' అను ఒక్క మాటతో సరిపెట్టుకొందుము. పొరపాటు ఆ మాటలోనే ఉన్నది. వేడెక్కుట ఒక వ్యాధి. ఆగిపోవుట మరియొక వ్యాధి కావచ్చును. ఏది ఏదో తెలియక మందు వేసినచో ధనము పోవును, రోగము మిగులును.

ఈ సంగతి మాకు అనుభవముమీద తెలిసినది. మా తండ్రిగారి నాటి ప్రీమియర్ పద్మిని కారు మా యింట ఇంకను ఉన్నది. ఇటలీ దేశపు ఫియట్ 1100 నమూనాపై బొంబాయిలో తయారైన బండి అది. నాలుగు సిలిండర్లు, 1089 ఘన సెంటీమీటర్ల యింజను, ముందు రేడియేటరు, వెనుక పెట్రోలు టాంకి. కొన్ని వేసవుల క్రిందట మే నెలలో మా తల్లిగారిని వెంటబెట్టుకొని గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల కనుమ మీదుగా పోవుచుండగా, ఎత్తు ఎక్కుచున్న బండి నాలుగుమార్లు దగ్గి ఆగిపోయినది. అంతకు పది దినముల ముందే, ఇట్లే ఆగుచున్నదని చెప్పి, ఒక మరమ్మతు దుకాణములో కొత్త రేడియేటరు వేయించి యుంటిమి. అంత ఖర్చు చేసినను ఆగెనే అన్న ఉక్రోషముతో రేడియేటరు మూతపై చేయి వేసితిమి.

వెనుక వచ్చిన లారీ డ్రైవరు ఒక కేక వేసి పరుగున వచ్చి మా చేయి పట్టుకొనెను. "అయ్యా, మూత ముట్టొద్దు. మొహం కాలిపోతాది" అనెను. పిమ్మట ముందుభాగమున చెవి యొగ్గి వినెను. కుతకుత లేదు, ఆవిరి లేదు, నేలపై నీటిచుక్క లేదు. "కాగింది నీళ్లు కాదయ్యా, పెట్రోలు" అని, ఒక గుడ్డ తడిపి యింజను ప్రక్కనున్న పెట్రోలు పంపుపై కప్పెను. పావుగంటకు బండి కదలినది.

ఆయన చెప్పిన మాటకు కారణము సులభముగా గ్రహింపవచ్చును. పెట్రోలు ఒకే ద్రవము కాదు, అనేక ద్రవముల మిశ్రమము. అందులో తేలికైన భాగములు ఇంచుమించు 40 డిగ్రీల వేడికే ఆవిరి కాదొడగును. పాత చిన్నకార్లలో పంపు యింజనునకే బిగించి యుండును. వెనుకనున్న టాంకినుండి అది పెట్రోలును పీల్చవలెను. ఎండకు యింజను సెగ తోడైనప్పుడు గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. పంపు ద్రవమును నెట్టగలదుగాని బుడగను నెట్టజాలదు. కార్బ్యురేటరు ఎండిపోవును, బండి ఆగును. ఈనాటి పెట్రోలు మరియొక చిక్కు తెచ్చినది. మన దేశమున పెట్రోలులో ఇథనాలు పాలు 2022 నాటికి 10 శాతమునకు, 2025 నాటికి 20 శాతమునకు పెరిగినది. ఇది పాత రబ్బరు గొట్టములకు గిట్టదు. కావున వానిని ఏటేట పరీక్షించుట మేలు.

ఆగుటకు మరియొక మూలము విద్యుత్తు. ఇగ్నిషను కాయిలులోని సన్నని తీగచుట్టు పాతబడినచో వేడికి తెగును, చల్లబడిన పిదప తిరిగి అంటుకొనును. కండెన్సరు సంగతియు ఇట్టిదే. భేదమెట్లు తెలియును? దీపమార్పినట్లు ఒక్కసారి ఆగినచో తరచుగా విద్యుత్తు లోపము. దగ్గుచు, కుదుపుచు, నీరసించి ఆగినచో తరచుగా పెట్రోలు లోపము. ఆగిన వెంటనే మెకానిక్కు ప్లగ్గు వద్ద నిప్పురవ్వ వచ్చుచున్నదా లేదా చూచెనా, సందేహము తీరును. గంట తరువాత చూచిన ప్రయోజనము లేదు. అప్పటికి రోగి లేచి కూర్చుండును.

ఇక నిజముగా నీరు కాగు సందర్భము. ఊరిలో నెమ్మదిగా పోవునప్పుడు కాగి, బయలుదారిన పడగానే చల్లబడినచో లోపము గాలిలో ఉన్నది. ఫాను బెల్టు సడలియుండవచ్చును. రేడియేటరు రెక్కలలో దుమ్ము, పురుగులు నిండియుండవచ్చును. ఊరిలో బాగుండి ఎత్తులలోను, దూర ప్రయాణములలోను కాగినచో లోపము నీటి నడకలో ఉన్నది. థర్మోస్టాటు తెరచుకొనకుండుట, గొట్టములు పూడుట ఇందుకు కారణములు. మన బోరునీటిని కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట గృహిణులెల్లరు ఎరుగుదురు. యింజను లోపలను అదే కట్టును. కావున స్వచ్ఛమైన నీటిలో కూలెంటు కలిపి పోయవలెను. కారుట కనబడకయే నీరు తరుగుచున్నచో, నూనె పాలవలె తెల్లబడినచో, హెడ్ గాస్కెట్టు చెడినదని అనుమానింపవలెను. ఆ బండిని ఇక నడపరాదు.

మూతను గూర్చి ఒక హెచ్చరిక. రేడియేటరులోని నీరు ఒత్తిడిలో ఉండుటచే నూరు డిగ్రీలు దాటినను ద్రవముగనే నిలుచును. మూత తీయగానే ఒత్తిడి పోవును. నీరు ఒక్కపెట్టున మరిగి ఆవిరితో మొగముపైకి ఎగయును. కావున కనీసము అరగంట ఆగి, చేతికి పట్టుగా అంటగలిగినంత చల్లబడిన పిమ్మటనే, మందపు గుడ్డ వేసి మెల్లగా త్రిప్పవలెను. నీరింకిన వేడి యింజనులో చన్నీరు గుమ్మరింపరాదు, ఇనుము పగులును.

శ్రోతలకు మా మనవి ఒక్కటే. బండిలో ఒక చిన్న పుస్తకము ఉంచుకొనుడు. నీరు కాగినదా లేదా, ఊరిలోనా ఎత్తులోనా, ఒక్కసారిగా ఆగినదా దగ్గి ఆగినదా, ఎన్ని నిమిషములకు తిరిగి కదలినది అను నాలుగు సంగతులు వ్రాసి మెకానిక్కునకు చూపుడు. మేము రేడియేటరు మార్పించిన నాడు ఈ నాలుగును చెప్పియుండలేదు. దుకాణమువారిని నిందించి ప్రయోజనమేమి?

తిరిగి వచ్చిన పిదప పంపును, గొట్టములను మార్పించితిమి. రేడియేటరు ఖర్చులో అది ఎన్నవ వంతో చెప్పుటకు సిగ్గగును. మరుసటి వేసవిలో అదే కనుమ ఆగకుండ ఎక్కితిమి. మలుపు వద్దకు రాగానే మా తల్లిగారు, "ఇక్కడే కదరా, ఆ అబ్బాయి నీ చెయ్యి పట్టుకున్నాడు" అనిరి. ఆయన పేరైనను అడుగలేదని మాకప్పుడు తోచినది.