సంచీలో ఏముంది? ఇంటి ఆటలు, పిల్లల మాటలు, తల్లుల సమయం

యాప్రాల్‌లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం



ఇంట్లో చేసుకునే ఆటలతో పిల్లలకి మాటలు ఎలా నేర్పవచ్చో చెప్పమని నన్ను పిలిచారు. నేను స్పీచ్ థెరపిస్టుని కాను, సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. ఆటలు చెప్తాను గానీ, వాటిని ఎవరు ఆడించాలి, ఎప్పుడు ఆడించాలి అనే ప్రశ్న మాత్రం వదలను.

యాప్రాల్ నాకంటే మీకే బాగా తెలుసు. ఒక పక్క సైనిక కుటుంబాల కాలనీలు, ఇంకో పక్క లేస్తున్న అపార్ట్‌మెంట్లు, వాటిని కట్టేవాళ్ళ రేకుల గుడిసెలు. ఒకే గల్లీలో నాలుగు భాషలు వినపడతాయి. ఇక్కడ బిడ్డకి రెండేళ్ళు దాటినా మాట రాకపోతే ముందు ఎవరిని అంటారు? తల్లినే. "నువ్వు పనికి పోయి బిడ్డను వదిలేశావు." "నువ్వే నోరు విప్పవు, వాడికేం వస్తుంది?" "వస నాకించలేదా?" ఎక్కువ మాట్లాడే పిల్లని వసపిట్ట అంటాం, మాట్లాడని పిల్లకి వస పెట్టలేదని తల్లిని తిడతాం. వస కొమ్ముతో మాటలు రావు. ఇక మగపిల్లాడైతే, "మగపిల్లలకి ఆలస్యంగానే వస్తాయిలే" అనే ఓదార్పుతో ఏడాది గడిచిపోతుంది.

అందుకని ఆటకంటే ముందు చెవి సంగతి. వెనకనుంచి పిలిస్తే తిరగని బిడ్డకి, మాటిమాటికీ చెవి కారే బిడ్డకి మొదట వినికిడి పరీక్ష చేయించాలి. చెవుడును ఏ ఆటా తీర్చదు. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలపలేని బిడ్డనీ, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డనీ "చూద్దాంలే" అని వదిలెయ్యకూడదు. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ వుంది, ఎన్.ఐ.ఎమ్.హెచ్. అనే పాత పేరుతోనే చాలామందికి తెలుసు. 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో మాట, భాషల లోపం లేదు. 2016 చట్టం జాబితాను 21కి పెంచి దాన్ని చేర్చింది. కాగితం మీది ఆ హక్కు రేకుల గుడిసె దాకా రావాలంటే ఎవరో ఒకరు ఆ తల్లికి తోడు వెళ్ళాలి. ఆ రోజు ఆమె కూలి పోతుంది. మన శిక్షణా తరగతుల్లో ఆ కూలి సంగతి ఎవరూ ఎత్తరు.

ఇక ఆటలు. మొదటిది సంచీ ఆట. పాత గుడ్డతో సంచీ కుట్టి అందులో చెంచా, ఉల్లిపాయ, తాళంచెవి, దువ్వెన వెయ్యండి. బిడ్డ చెయ్యి పెట్టి తడిమి ఏమిటో చెప్పాలి. "ఇదేంటి? చెప్పు, చెప్పు" అని పరీక్ష పెట్టొద్దు. మనమంతా చేసే తప్పు ఇదే. ముందు మీరే తడుముతూ పైకి ఆలోచించండి: "చల్లగా వుంది, పొడుగ్గా వుంది, చెంచానా?" బిడ్డ "చెంచా" అంటే "అవును, పెద్ద చెంచా" అని ఒక్క మాట కలిపి తిరిగి ఇవ్వండి. "తెంతా" అంటే ఎగతాళి చెయ్యొద్దు, సరిగ్గా పలకమని గద్దించొద్దు. "ఆఁ, చెంచా" అంటే చాలు, సరైన ఉచ్చారణ వాడి చెవిన పడింది. తర్వాత ఊరుకోండి. మనసులో అయిదు దాకా లెక్కపెట్టండి. అన్నిటికన్నా ఈ ఊరుకోవడమే కష్టం, ముఖ్యంగా నాలాంటి ఉపన్యాసకులకి.

రెండు గ్లాసులు, ఒక డబ్బా, ఒక గులకరాయి వుంటే రెండో ఆట తయారు. రాయి దాచి, "గ్లాసు కిందా? డబ్బా వెనకా?" అని వెతికించండి. తర్వాత బిడ్డ దాస్తే మీరు కావాలని తప్పు చెప్పండి. పెద్దవాళ్ళ తప్పు దిద్దడానికి పిల్లలకి ఎక్కడలేని మాటలూ వస్తాయి.

మూడోది తలుపు ఆట. తలుపు చాటునుంచి ఒక్కొక్కరూ, ఒక్కొక్క బొమ్మా బయటికి రావాలి. "ఎవరొచ్చారు?" "తాత వచ్చాడు. కుక్క వచ్చింది. అక్క వచ్చింది." తెలుగు క్రియల చివర్లు ఇలా పట్టుబడతాయి. గమనించారా, అక్కకీ కుక్కకీ ఒకే ప్రత్యయం! అదే బహువచనంలో అక్కలు "వచ్చారు", కుక్కలు "వచ్చాయి". గుంపుగా వస్తేనే మనం మనుషుల్లో లెక్క అన్నమాట. దీనిమీద సిద్ధాంతం కట్టను గానీ, ఆడించేటప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

ఈలలు, బుడగలు ఊదిస్తే మాట తిరుగుతుందని కొందరు కొనిపిస్తారు. సరదాకి ఊదించండి. దానివల్ల ఉచ్చారణ బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

ఇంకో మాట. "ఇంట్లో లంబాడీ మాట్లాడొద్దు, తెలుగో ఇంగ్లీషో మాట్లాడండి" అని తల్లులకి సలహా ఇచ్చేవాళ్ళు మనలోనూ వున్నారు. రెండు భాషలు వినడంవల్ల బిడ్డ మాట ఆగిపోదు. తల్లి తనకి బాగా రాని భాషలో మాట్లాడబోతేనే ఆమె మాటలు పొడిపొడిగా, తక్కువగా వస్తాయి. సంచీ ఆట ఎవరి భాషలో వాళ్ళు ఆడుకోవచ్చు.

ఇలాంటి ఒక సమావేశంలోనే ఇటుకలు మోసే తల్లి నన్ను అడిగింది: "ఆడిస్తా మేడమ్. ఎప్పుడు ఆడించమంటారు?" తెల్లవారక ముందు నీళ్ళు పట్టడం, వంట, పని, మళ్ళీ వంట. నేను తడుముకుని, బియ్యం ఏరేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు మాట్లాడండి అన్నాను. "అప్పుడు మాట్లాడతానే వున్నా కదా!" అంది.

ఆమె మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. 1995లో అమెరికాలో హార్ట్, రిస్లీ అనే పరిశోధకులు 42 కుటుంబాలను పరిశీలించి, పేద పిల్లలు నాలుగేళ్ళు వచ్చేసరికి మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని అంచనా కట్టారు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది. పేద తల్లి మాట్లాడదని తేల్చేశారు. వాళ్ళ లెక్కలో ముఖ్యంగా చేరింది తల్లో తండ్రో బిడ్డతో నేరుగా అన్న మాటలే. తర్వాత స్పెర్రీ, అతని సహచరులు అవ్వలు, అక్కలు, చుట్టుపక్కలవాళ్ళ మాటల్ని కూడా లెక్కలోకి తెస్తే ఆ చిత్రం నిలబడలేదు. మన వాకిళ్ళలో బిడ్డను పెంచేది ఒక్క తల్లి కాదుగదా. ఇంటింటికీ వెళ్ళి "మీరు మాట్లాడటం లేదు" అనే ముందు ఎవరెవరు మాట్లాడుతున్నారో చూడండి.

వాకిలి అంటే గుర్తొచ్చింది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్ర బోర్డీలో పని మొదలుపెట్టి, బడికి రాని ఆదివాసీ పిల్లల వాకిళ్ళకే బడిని తీసుకెళ్ళారు. ఆకులు, గులకరాళ్ళు, గవ్వలే వాళ్ళ బోధనా సామగ్రి. అంగన్‌వాడీ ఆలోచన అక్కడిది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ప్రభుత్వ పథకమయ్యేసరికి ఆ పని చేసే స్త్రీకి దక్కింది జీతం కాదు, గౌరవ వేతనం. గ్రాట్యుటీకి మీరు అర్హులేనని సుప్రీం కోర్టు 2022లో చెప్పాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మన అక్కాచెల్లెళ్ళు 2023 డిసెంబరునుంచి 42 రోజులు సమ్మె చేస్తే వాళ్ళమీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని అప్పుడు గుర్తొచ్చింది!

"ఖర్చులేని బోధనోపకరణాలు" అని సర్క్యులర్లలో రాస్తారు. అట్టలూ, జిగురూ మీ పర్సులోంచే వస్తాయి, కత్తిరించడం రాత్రి పడుకునే ముందు సాగుతుంది. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం యాభైమందికి మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళ లోపు పిల్లలకి గది వుండాలంది. ఇక్కడ లేచిన టవర్ల దగ్గర అలాంటి గది మీలో ఎంతమంది చూశారో చేతులెత్తండి.

సరే. ఇప్పుడు గుండ్రంగా కూచోండి, సంచీ తెచ్చాను. మొదట ఆయాలు చెయ్యి పెడతారు. టీచర్లు ఎవరూ జవాబు అందించకూడదు. అయిదు లెక్కపెట్టండి.